ఆ రేకుడబ్బా మోత గిటార్‌ది కాదు

ప్రశ్న: అన్నా, మాది కంచరపాలెం. పరవాడ ఫార్మా సిటీలో షిఫ్టు డ్యూటీ చేస్తున్నాను. ఆరేళ్ల కిందట డిగ్రీలో ఉన్నప్పుడు 8,500 పెట్టి ఎలక్ట్రిక్ గిటార్, చిన్న యాంప్ (యాంప్లిఫయర్) కలిపి అమ్మే కాంబో కొన్నాను. స్ట్రాట్ మోడల్, అంటే ఫెండర్ వాళ్ల స్ట్రాటోకాస్టర్‌ని చూసి చేసినది. కంపెనీ పేరు చెబితే ఎవరికీ తెలియదు. ఇప్పుడు కాస్త చెయ్యి తిరిగింది, ఆదివారాలు చర్చిలో పాటలకు వాయిస్తున్నాను. పాట సగానికి వచ్చేసరికి శ్రుతి తప్పుతోంది. ఇంట్లో యాంప్ సౌండ్ రేకుడబ్బా కొట్టినట్టుంది. ట్యూబ్‌లైట్ వేస్తే గుయ్‌మని మోత. తీగల కింద ఉండి సౌండ్‌ని పట్టే పికప్‌లు మార్చేస్తే అన్నీ సర్దుకుంటాయని నా ఫ్రెండ్ అంటున్నాడు. మధురవాడలో ఒకతను వాడిన స్క్వయర్ స్ట్రాట్ 14 వేలకు ఇస్తానంటున్నాడు. న్యూజెర్సీలో ఉన్న మా పిన్ని సంక్రాంతికి వస్తూ మంచి యాంప్ తెస్తానంటోంది. నా దగ్గర 25 వేలు ఉన్నాయి. ఉండేది అద్దె పోర్షన్, పైన ఓనర్ వాళ్లుంటారు. ఏం చేయమంటావు?

సమాధానం: తమ్ముడూ, శ్రుతి తప్పడం, రేకుడబ్బా సౌండ్, గుయ్‌మనే మోత... ఈ మూడూ మూడు వేర్వేరు చోట్ల పుడతాయి. మీ ఫ్రెండ్ మూడింటికీ కలిపి ఒకే మాత్ర రాసిచ్చాడు. ఆ మాత్ర నేనూ ఒకప్పుడు మింగాను, ఆ కథ తర్వాత చెప్తాను.

ముందు ఈ ఆదివారం ఒక పని చెయ్యి. ప్రార్థన అయిపోయి అందరూ ఇళ్లకు వెళ్లాక చర్చిలో అరగంట ఆగు. అక్కడ గానీ, తెలిసినవాళ్ల దగ్గర గానీ కాస్త పెద్ద గిటార్ యాంప్ ఉంటే నీ గిటార్‌ని దానికి పెట్టి వాయించు. తర్వాత ఎవరిదైనా మంచి గిటార్ అడిగి తీసుకుని నీ చిన్న యాంప్‌కి పెట్టు. మంచి గిటార్ పెట్టినా అదే రేకుడబ్బా వినిపిస్తే దొంగ ఎవరో దొరికినట్టే. నేను చూసినంతలో ఎక్కువసార్లు దొరికేది యాంపే.

గిటార్‌లో లావు తీగ, అంటే ఆరో తీగ, వట్టిగా మీటితే సెకనుకు 82 సార్లు ఊగుతుంది. అంత కింది స్వరాన్ని గదిలో వినిపించాలంటే స్పీకర్ చాలా గాలిని కదపాలి. కాంబోతో వచ్చే యాంప్‌లో స్పీకర్ అరచేయంత, దాని చుట్టూ ఉన్న పెట్టె చెప్పుల డబ్బాకి కాస్త పెద్దంత. ఇక అడుగు స్వరం ఎక్కడ నుంచి వస్తుంది? కింద పలకాల్సింది పోయి పైన గీసుకునే సౌండ్ ఒక్కటే మిగులుతుంది. దానికి లక్ష రూపాయల గిటార్ పెట్టినా వచ్చేది లక్ష రూపాయల రేకుడబ్బా సౌండే. అందుకే నీ డబ్బులో పెద్ద వాటా యాంప్‌కి పోవాలంటాను.

షాపులో నీకు వాట్లు చూపించి అమ్మాలని చూస్తారు. "ఇది 10 వాట్లు, అది 20, డబుల్ సౌండ్" అంటారు. అది లెక్కల పుస్తకంలో డబుల్, చెవికి కాదు. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే, జాగ్రత్తగా వింటే తెలిసేంత తేడా. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పది రెట్లు వాట్లు కావాలి. అంచేత వాట్లు పక్కన పెట్టి స్పీకర్ సైజు అడుగు. ఇంట్లో వాయించుకోవడానికి 8 అంగుళాలు కనీసం ఉండాలి. డ్రమ్స్ పక్కన వాయించాలంటే 12 అంగుళాలు. హెడ్‌ఫోన్ సాకెట్ తప్పనిసరి. నైట్ షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకునే నీకు, పగలంతా ఇంట్లో ఉండే మీ ఓనర్‌కి, ఇద్దరికీ అదే శాంతి ఒప్పందం.

నీ అవసరం రెండు రకాలుగా ఉంది. ఇంట్లో గుసగుసలాడాలి, చర్చిలో గొంతెత్తాలి. బాస్ (Boss) కంపెనీ కటానా 50 లాంటి యాంప్‌లో 12 అంగుళాల స్పీకర్‌తో పాటు పవర్ తగ్గించే స్విచ్ ఉంటుంది. 50 వాట్ల నుంచి 25కి, అక్కడ నుంచి అర వాటుకి దిగుతుంది. అర వాటు దగ్గర పెట్టి వాయిస్తే పై పోర్షన్‌లో టీవీ సీరియల్‌కి అడ్డం రాదు. కొత్తది కొంటే నీ బడ్జెట్ దాటొచ్చు, వాడినది బాగున్నది దొరికితే వదలకు. దొరక్కపోతే ఫెండర్ మస్టాంగ్ ఎల్‌టీ 25 లాంటిది, 8 అంగుళాల స్పీకర్‌ది తీసుకో. ఈ రెండూ మోడలింగ్ యాంప్‌లే. అంటే రకరకాల యాంప్‌ల సౌండ్‌ని లోపలున్న చిప్ అనుకరిస్తుంది. సౌండ్‌ని గరుకుగా చేసే డిస్టార్షన్, ఎకో, రివర్బ్ లోపలే ఉంటాయి కాబట్టి ఇప్పట్లో పెడల్స్ (కాలితో నొక్కే ఎఫెక్ట్ డబ్బాలు) మీద పైసా పెట్టక్కర్లేదు. కటానా మినీ అని ఇంకోటుంది, ఆరు పెన్సిల్ బ్యాటరీలతో కూడా నడుస్తుంది, ముద్దొస్తుంది. కానీ దాని స్పీకర్ 4 అంగుళాలే. రుషికొండ వెళ్లి నలుగురు కూర్చుని పాడుకోవడానికి బాగుంటుంది, డ్రమ్స్ పక్కన పెడితే దోమ పాడినట్టుంటుంది.

చర్చిలో గిటార్‌ని నేరుగా మిక్సర్‌కి గుచ్చుతున్నావేమో, ఉత్తరంలో రాయలేదు. చాలాచోట్ల అదే చేస్తారు. మిక్సర్‌లో మామూలు లైన్ సాకెట్ గిటార్ పికప్‌కి సరిపడదు, పై స్వరాలు చచ్చి సౌండ్ దుప్పటి కప్పినట్టు వస్తుంది. మధ్యలో డీఐ బాక్స్ పెట్టాలి, అంటే గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే చిన్న డబ్బా. ఇక డిస్టార్షన్ పెడల్‌ని నేరుగా మిక్సర్‌కి పెడితే తేనెటీగల తుట్టె కదిపినట్టుంటుంది. గిటార్ స్పీకర్ దాదాపు 5 వేల హెర్ట్జ్ దాటాక పై స్వరాలను తనంతట తానే మింగేస్తుంది. డిస్టార్షన్‌కి ఆ మింగడం అవసరం. పెద్ద స్పీకర్ బాక్సులు దేన్నీ మింగవు, గరగరంతా బయటపడుతుంది. మోడలింగ్ యాంప్‌లో లైన్ అవుట్ గానీ హెడ్‌ఫోన్ అవుట్ గానీ ఉంటే, దాన్నుంచి మిక్సర్‌కి ఇస్తే ఈ గొడవ తీరుతుంది.

పిన్నిగారి యాంప్ సంగతి. వద్దని చెప్పెయ్, ప్రేమగా. అమెరికాలో కరెంటు 120 వోల్టులు, మనది 230. మా బంధువొకాయన ఇలాగే ఎంతో అభిమానంగా ఒక యాంప్ మోసుకొచ్చారు. పిన్ ఆకారం మార్చే చిన్న ప్లగ్ కూడా తెచ్చారు. ఆ ప్లగ్ వోల్టేజ్ కూడా మారుస్తుందనుకుని నేను స్విచ్ వేశాను. మూడు క్షణాలు ఎర్రలైటు వెలిగింది, తర్వాత వాసన, తర్వాత మా అమ్మ కేకలు. యాంప్ వెనక స్టిక్కర్ మీద 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే ఏ ఇబ్బందీ లేదు. 120 అని మాత్రమే ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అది యాంప్ అంత బరువుంటుంది. పిన్ని ఏదో ఒకటి తెస్తానని పట్టుబడితే తీగల సెట్లు నాలుగైదు తెమ్మను. పెట్టెలో ఓ మూలన పడతాయి. నీ గిటార్‌లాంటి మామూలు గిటార్‌కి కరెంటుతో పనిలేదు కాబట్టి గిటారే తెచ్చినా వోల్టేజ్ బాధ ఉండదు. కానీ దానికి ఇంకా టైముంది.

ఇప్పుడు శ్రుతి. నేను పికప్‌లు మింగిన కథ కూడా ఇక్కడిదే.

ఆర్కెస్ట్రాలో కొత్తగా చేరిన రోజుల్లో నా గిటార్ కూడా నీ గిటార్‌లాగే పాటపాటకీ జారిపోయేది. ఎవరో పికప్‌లు అన్నారు. నాలుగు ప్రోగ్రాముల డబ్బులు పోసి మార్పించాను. తర్వాత అనకాపల్లిలో ఓ పెళ్లి రిసెప్షన్. రెండో పాటకే మూడో తీగ జారింది. మంచి పికప్‌లు కదా, ఆ అపశ్రుతి ఇంకా స్పష్టంగా, ఇంకా గట్టిగా వినిపించింది. నేను తీగలు బిగించుకుంటుంటే యాంకర్ నా మీద జోకులేసి జనాన్ని నవ్వించాడు. మా బేస్ గిటార్ ఆయన కీ తిప్పమని చెప్పి, గిటార్ తల దగ్గర చెవి పెట్టి విన్నాడు. తిప్పుతుంటే ఏమీ కాలేదు, ఏమీ కాలేదు, ఉన్నట్టుండి "టింగ్" అని శ్రుతి ఎగిరి పైకి పోయింది. స్టేజీ కట్టిన వడ్రంగి చెవి మీద పెన్సిల్ అడిగి తీసుకుని, తీగ కూర్చునే గాడిలో నాలుగుసార్లు రుద్దాడు. ఆ రాత్రి మళ్లీ జారలేదు. పికప్‌లకి పోసిన డబ్బు తల్చుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఆ గాడి ఉన్న చిన్న పట్టీని నట్ అంటారు. చవక గిటార్లలో అది ప్లాస్టిక్‌ది, గాడులు సరిగ్గా కోసి ఉండవు. తీగ అందులో ఇరుక్కుని ఆగి ఆగి కదులుతుంది. నువ్వు తీగని వంచి వదిలితే పూర్తిగా వెనక్కి రాదు. నువ్వూ కీలు తిప్పి చూడు. టింగ్ అంటే జబ్బు అదే. పెన్సిల్ ముక్కులోని నల్లటి గ్రాఫైట్ జారుడు మందు. అది చాలకపోతే ఎముకతో చేసిన నట్ వేయించొచ్చు, పెద్ద ఖర్చేం కాదు.

ఇంకో అనుమానితుడు బ్రిడ్జ్, అంటే గిటార్ ఒంటి మీద తీగలు కూర్చునే ఇనుప భాగం. నీది స్ట్రాట్ మోడల్ కాబట్టి స్వరాన్ని ఊపే ఇనుప పుల్ల ఉండే ఉంటుంది. ఆ బ్రిడ్జ్ వెనక స్ప్రింగుల మీద తేలుతూ ఉంటుంది. ఒక తీగ శ్రుతి చేస్తే మిగతా ఐదూ కదులుతాయి. చర్చి పాటలకు ఆ పుల్లతో ఏం పని? గిటార్ వెనక మూత విప్పు. లోపల స్ప్రింగులు తగిలించిన రేకుని పట్టుకున్న రెండు స్క్రూలు బిగించి బ్రిడ్జ్ చెక్కకి అతుక్కుని కూర్చునేలా చేసెయ్. పుల్ల తీసి డ్రాయర్లో పడెయ్. సగం గొడవ అక్కడికక్కడే చల్లారుతుంది.

తీగలు ఎప్పుడు మార్చావు? రాయలేదంటే నాకు భయంగా ఉంది. విశాఖలో ఉప్పుగాలి ఇనుమును వదలదు. కంచరపాలెం సముద్రానికి కాస్త దూరమే, అయినా ఉక్కబోతలో చెమట చేతులతో వాయిస్తే అంతే సంగతులు. తుప్పు పట్టిన తీగ ఏ కొలతకీ శ్రుతిలో ఉండదు. నీలా వారం వారం వాయించేవాళ్లు రెండు మూడు నెలలకోసారి మార్చాలి. వాయించాక పాత నూలు లుంగీ గుడ్డతో తీగల పైనా కిందా తుడిస్తే ఇంకొంచెం బతుకుతాయి. పైన సన్నటి పూత వేసిన తీగలుంటాయి, ధర ఎక్కువే గానీ మన ఊరి గాలికి గిట్టుబాటవుతాయి. కొత్త తీగలు వేశాక ఒక్కోదాన్ని మెల్లగా పైకి లాగి, మళ్లీ శ్రుతి చేసి, మళ్లీ లాగు. సాగడం ఆగేదాకా ఇలా చెయ్యి. ఇది చేయనివాళ్లే కొత్త తీగలు నిలవడం లేదని షాపువాణ్ని తిడతారు.

ఇది తీగల సైజు గురించి కూడా చెప్పాల్సిన చోటు. నీ కాంబోతో ఏం వచ్చాయో గానీ 9 సెట్, 10 సెట్ అని అడిగితే షాపులో ఇస్తారు. 9 అంటే మొదటి తీగ మందం అంగుళంలో వెయ్యింట తొమ్మిది వంతులు. సన్నగా ఉంటే వంచడం తేలిక. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు జంట తీగల మాండలిన్‌ని ఒంటి తీగలకు మార్చి, ఐదో తీగ చేర్చి, దాన్ని ఎలక్ట్రిక్ చేసుకుని గమకాలు పలికించారు. మనం కనీసం తీగల సైజైనా మన వేళ్లకు తగ్గట్టు ఎంచుకోవాలి కదా. సైజు మార్చితే మెడ మీద లాగుడు మారుతుంది, సెట్టింగ్ మళ్లీ చేయించాలి.

ఆ సెట్టింగ్ సంగతే నీ గిటార్‌కి అసలైన అప్‌గ్రేడ్. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలే ఫ్రెట్‌లు. పన్నెండో ఫ్రెట్ దగ్గర స్కేలు పెట్టి ఫ్రెట్ పైనుంచి తీగ ఎంత ఎత్తున ఉందో కొలువు. లావు తీగ 2 మిల్లీమీటర్లు, సన్న తీగ 1.6 ఆ ప్రాంతంలో ఉంటే హాయి. మూడు, నాలుగు ఉంటే నువ్వు ఆరేళ్లుగా గిటార్‌తో కుస్తీ పడుతున్నావన్నమాట. తర్వాత పన్నెండో ఫ్రెట్ మీద వేలు ఆనించీ ఆనించకుండా మీటి ఆ స్వరం విను, అదే చోట గట్టిగా నొక్కి మీటి విను. ఫోన్లో ట్యూనర్ యాప్ పెట్టుకుంటే తేడా కనపడుతుంది. నొక్కినప్పుడు స్వరం ఎక్కువైతే బ్రిడ్జ్ మీద ఆ తీగ కూర్చునే చిన్న దిమ్మని వెనక్కి జరపాలి, తక్కువైతే ముందుకి. ఇది నువ్వే చేసుకోవచ్చు, స్క్రూడ్రైవర్ చాలు. మొదటి ఫ్రెట్ దగ్గర ఎఫ్ కార్డ్ పట్టినప్పుడు మాత్రమే శ్రుతి తేడా వస్తే నట్ గాడులు ఎత్తుగా ఉన్నట్టు. వాటిని అరగదీయడం తెలిసినవాళ్ల పని, ఒక్క రవ్వ ఎక్కువ అరిగితే నట్ పారేయడమే.

మెడ లోపల దాని వంపు సరిచేసే ఇనుప కడ్డీ ఉంటుంది, ట్రస్ రాడ్ అంటారు. వీడియో చూసి ధైర్యం చేసేవాళ్లు ఎక్కువయ్యారు. చేస్తే పావు చుట్టు మించి తిప్పకు, తిప్పి ఒక పూట ఆగి చూడు. గట్టిగా ఉంటే బలం పెట్టకు, మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్లు. ఇక మెడ మెలి తిరిగి ఉంటే ఏ కడ్డీ సరిచేయదు. అప్పుడే మధురవాడ అతని గురించి ఆలోచించాలి.

గుయ్‌మనే మోతకి పికప్‌లే కారణం, ఈ ఒక్క విషయంలో మీ ఫ్రెండ్ కాస్త రైటు. పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ వేల చుట్లు చుట్టిన వస్తువు. ఇనుప తీగ కదిలితే దాన్లో కరెంటు పుడుతుంది. దానికి నీ తీగా ఒకటే, గోడలోని 50 హెర్ట్జ్ కరెంటూ ఒకటే, రెండూ పట్టేస్తుంది. 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజినీర్ రెండు కాయిల్స్‌ని ఎదురెదురుగా కలిపి ఆ మోతని మోతతోనే కొట్టేశాడు. అదే హంబకర్. నీ స్ట్రాట్‌లో ఉన్నవి ఒంటి కాయిల్స్ అయితే కొంత మోత వాటి పుట్టుకతో వచ్చింది. ట్యూబ్‌లైట్, ఫోన్ చార్జర్, ఫ్యాన్ రెగ్యులేటర్లకి దూరంగా కూర్చో. కుర్చీ అటూ ఇటూ తిప్పి చూడు, ఒక దిక్కున మోత బాగా తగ్గుతుంది. లోపల గుంటకి రాగి రేకు టేపు అతికించి ఎర్త్‌కి కలిపితే గరగరలాడే మోత తగ్గుతుంది, గుయ్‌మనేది పూర్తిగా పోదు.

తీగలు ముట్టుకోగానే మోత తగ్గితే అది మామూలే. ముట్టుకుంటే చురుక్కుమంటే మాత్రం అక్కడే ఆపు. పాత అద్దె ఇళ్లలో మూడో పిన్‌కి ఎర్త్ వైరు ఉండకపోవచ్చు. సాకెట్లో మూడు రంధ్రాలున్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించు, ఓనర్ విసుక్కున్నా సరే. చర్చిలో కూడా గిటార్ పట్టుకుని మైక్‌కి పెదవి ఆనించినప్పుడు షాక్ కొడితే ఎవరూ నవ్వి ఊరుకోకూడదు, ప్రాణాల మీదికి వచ్చే విషయం. మోత తగ్గుతుందని యాంప్ ప్లగ్‌లో లావు పిన్ విరగ్గొట్టేవాళ్లున్నారు. వాళ్ల సలహా వినకు.

పికప్‌లు మార్చే ముందు ఉన్నవాటి ఎత్తు మార్చు, పైసా ఖర్చు లేదు. చివరి ఫ్రెట్ నొక్కి పట్టి, తీగకీ పికప్‌కీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్లు ఉండేలా పక్క స్క్రూలు తిప్పు. మరీ దగ్గరైతే అయస్కాంతం తీగని పట్టి లాగి శ్రుతి చెడగొడుతుంది. యాంప్ ఆపేసి వట్టి గిటార్ మోగించి విను. అక్కడే తీగ చచ్చినట్టు పలుకుతుంటే ఏ పికప్ దానికి ప్రాణం పోయలేదు.

మధురవాడ స్క్వయర్. స్క్వయర్ అంటే ఫెండర్ వాళ్ల సొంత చవక బ్రాండే, మంచిదే. తీసుకోకపోయినా ఒకసారి వెళ్లి చూసి రా, చెవి తయారవుతుంది. వెళ్లేటప్పుడు చిన్న స్క్రూడ్రైవర్, ట్యూనర్, నీ సొంత కేబుల్ పట్టుకెళ్లు. బ్రిడ్జ్ వైపు నుంచి మెడ పొడవునా ఒంటికన్నుతో చూడు. ఆరు తీగలూ ప్రతి ఫ్రెట్ దగ్గరా ఒక్కొక్కటిగా మీటు, సిగ్గుపడకు, పావుగంట పడుతుంది. పన్నెండు దాటాక తీగ వంచితే సౌండ్ నొక్కుకుపోతోందేమో చూడు. ఫ్రెట్‌ల మీద తీగ కింద లోతు గాట్లు పడి ఉంటే ఫ్రెట్‌లు మార్చే ఖర్చు 14 వేలకి కలుపుకో. నాబ్ తిప్పితే కరకరలాడటం పెద్ద విషయం కాదు, కాంటాక్ట్ క్లీనర్ కొడితే పోతుంది. బ్రిడ్జ్ స్క్రూలు తుప్పుతో బిగుసుకుపోయాయా అన్నది మాత్రం తప్పక చూడు. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు పెద వాల్తేరులో మా కిటికీ అద్దాలు పగిలి, గుడ్డ సంచిలో ఉన్న నా గిటార్ తడిసింది. కరెంటు లేదు, నీళ్లు లేవు, సంచి విప్పాలన్న ధ్యాసే లేదు. పది రోజులకి విప్పితే స్క్రూలన్నీ ఎర్రటి ముద్దలు. ఈ ఊళ్లో వాడిన గిటార్ కొనేవాడు మెరుగు చూసి మురిసిపోకుండా స్క్రూలు చూడాలి. నీ గిటార్ స్క్రూలకి కూడా ఏడాదికి రెండుసార్లు కుట్టుమిషన్ నూనె ఓ చుక్క వెయ్యి.

వచ్చే ఏడాది బోనస్ వచ్చాక గిటార్ మారుద్దామనిపిస్తే యమహా పసిఫికా చూడు. వెనక హంబకర్, ముందు రెండు ఒంటి కాయిల్స్ ఉంటాయి, చర్చికీ సినిమా పాటలకీ రెండింటికీ పనికొస్తుంది. ఐబానెజ్ జియో మెడ సన్నగా ఉంటుంది, చిన్న చేతులవాళ్లకి హాయి. పేరు చూసి కాదు, షాపులో నువ్వు కొనబోయే అదే గిటార్‌ని వాయించి చూసి తీసుకో. ఒకే మోడల్ రెండు గిటార్లు ఒకేలా ఉండవు.

డబ్బు లెక్క. తీగలు, నట్, సెట్టింగ్‌కి రెండు వేల దాకా తీసి పక్కన పెట్టు. యాంప్‌కి 20 వేలు దాటకు. మిగిలిన దాంట్లో మంచి కేబుల్ ఒకటి, 3 మీటర్లది. పాత యాంప్ అమ్మితే ఏమీ రాదు, పక్కింటి పిల్లలెవరైనా నేర్చుకుంటుంటే ఇచ్చెయ్. తీగల సెట్టు కొనేటప్పుడు విడిగా మొదటి తీగ రెండు అడిగి తీసుకో. పాట మధ్యలో ముందు తెగేది అదే.